చొక్కా విప్పే ముహూర్తం

మనవాళ్ళకి ఎదుటివాడి ఒళ్ళంటే ఉమ్మడి ఆస్తి. నల్లబడ్డావేమిటి, చిక్కిపోయావేమిటి, ఆ పొట్టేమిటి, జుట్టంతా ఏమైపోయింది అని విచారణ పూర్తయితే గానీ గుమ్మం దాటి లోపలికి రానివ్వరు. మంచినీళ్ళు ఆ తరవాతి సంగతి. రెండు రోజులు రైల్లో కూర్చుని ఢిల్లీ వచ్చి, కేంద్ర ప్రభుత్వంలో కుర్చీలు సంపాదించుకుని, రాత్రిపూట చపాతీలు తినడం నేర్చుకున్నవాళ్ళు కూడా ఈ గుణాన్ని మాత్రం ఊళ్ళో వదిలి రాలేదు. ఆవకాయ జాడీతో పాటు జాగ్రత్తగా మూటగట్టి తెచ్చుకున్నారు. ఇప్పటికీ ఎవరైనా నన్ను చూసి "ఏమిటోయ్, ఇలా అయిపోయావు" అంటే అక్కణ్ణించి లేచిపోతాను. మర్యాద కోసం నవ్వే అలవాటు ఎప్పుడో మానేశాను.

డెబ్భైల మొదట్లో మేము ఆర్కే పురంలో రెండు గదుల ప్రభుత్వ క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్నగారు ఒక మంత్రిత్వ శాఖలో గుమాస్తా. అమ్మ ఇంటి పని, కుట్టు మిషను పని చూసుకునేది. నేను ఒక్కణ్ణే సంతానం. నాకు పదమూడో ఏడు నడుస్తుండగా ఛాతీ ఉబ్బడం మొదలైంది. ముందు ఒక వైపు, తరవాత రెండో వైపు. కొన్నాళ్ళకి చొక్కా మీంచి చూసినా తెలిసిపోయేది. అమ్మ కంగారుపడి ప్రభుత్వ డిస్పెన్సరీకి తీసుకెళ్ళింది. డాక్టరు రాస్తున్న చీటీలోంచి తల ఎత్తకుండానే, ఈ వయసులో కొందరు మగపిల్లలకి ఇలా వస్తుంది, దానంతటదే పోతుంది, చింతా మత్ కరో అన్నాడు. చాలామందికి పోతుందట. నాకు పోలేదు.

బళ్ళో సంగతి వేరే చెప్పక్కర్లేదు. కబడ్డీ ఆడితే ఒక జట్టు చొక్కాలు విప్పాలి. ఆ జట్టులో పడతానేమోనని నేను ఆటల పీరియడు రోజున కడుపునొప్పి తెచ్చుకునేవాణ్ణి. అయినా పిల్లలు కనిపెట్టేశారు. నన్ను 'బెహన్‌జీ' అని, అంటే అక్కగారూ అని పిలిచేవారు. కానీ వాళ్ళ మీద నాకు అంత రోత లేదు. పిల్లలు కోతిమూక, వాళ్ళకి ఎవడో ఒకడు దొరకాలి. నాకు రోత పుట్టించినవాళ్ళు పెద్దవాళ్ళు. వెంకటేశ్వర సుప్రభాతం చదువుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, సభ్యత గురించి పంజాబీ పొరుగువాళ్ళకి పాఠాలు చెప్పే మా పెద్దవాళ్ళు.

ఆదివారాలు ఎవరో ఒకరి క్వార్టర్లో తెలుగువాళ్ళు చేరేవారు. మగవాళ్ళు దుప్పటి పరుచుకుని పేకాట, ఆడవాళ్ళు వంటింట్లో పులిహోర. నాన్నగారి ఆఫీసులో పనిచేసే ఒకాయన ఉండేవాడు. ఢిల్లీ అలవాటు ప్రకారం మేమందరం అంకుల్ అనేవాళ్ళం. ఆయన చేతివేళ్ళు నాకు ఇప్పటికీ గుర్తు. ఎప్పుడూ నశ్యం రంగు పట్టి, గోళ్ళు పెరిగి ఉండేవి. మనిషి గొప్ప సరదా అయినవాడని పేరు. ఆయన సరదా ఏమిటంటే, నేను మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని వచ్చినప్పుడు, రెండు చేతులూ ఖాళీ లేవు కదా అని, చొక్కా మీంచే నా ఛాతీ పట్టుకుని బుగ్గ గిల్లినట్టు గిల్లేవాడు. నీళ్ళు ఒలికితే జాగ్రత్త అని నన్నే మందలించేవాడు. ఒకసారి అలా గిల్లి, వేళ్ళకి ఇంత నశ్యం తీసుకుంటూ నాన్నగారితో అన్నాడు.

"ఈసారి దీపావళికి మీవాడికి చొక్కా వద్దండీ. ఓ మంచి రవికె కుట్టించండి."

దుప్పటి మీద కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. అందరికన్నా ముందు నవ్వినవారు నాన్నగారు. అది నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను ముందు ఆయన మొహమే చూశాను. ఆయన కోప్పడతారని చూశాను. ఆయన ఎంత తొందరగా నవ్వారంటే, ఆ మాట పూర్తయ్యేవరకు కూడా ఆగలేదు. గ్లాసులు కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అమ్మ నా మొహం చూసి ఏమీ అడగలేదు, పులిహోరలో పోపు కలుపుతూ ఉండిపోయింది.

అడగలేదు గానీ, ఆ వారంలోనే మిషను ముందు కూర్చుంది. లాంక్లాత్ గుడ్డ తీసుకుని నాకు బనీను లాంటిది ఒకటి కుట్టింది. బిగుతుగా, రెండు పొరలుగా, వెనక హుక్కులతో. వేసుకుంటే ఛాతీ అణిగిపోయి చదునుగా కనిపించాలని ఆవిడ ఆలోచన. పాపం అమ్మకి మగవాళ్ళ బట్టలు కుట్టడం రాదు. తెలిసిన కొలత ఒక్కటే, తన ఆది జాకెట్టు. దాన్నే గుడ్డ మీద పరిచి, సుద్దముక్కతో గీసి కత్తిరించింది. అంటే ఆ నశ్యం వేళ్ళ పెద్దమనిషి అన్నంత పనీ మా ఇంట్లోనే జరిగింది, అదీ కన్నతల్లి చేతి మీదుగా. ప్రేమతోనే చేసింది, నాకు తెలుసు. తెలిసినా, ఉదయం పూట అమ్మ నా వెనక నిలబడి ఊపిరి బిగపట్టమని చెప్పి ఒక్కొక్క హుక్కూ పెడుతుంటే నాకు ఆవిడ మీద, నా మీద, ఆ గుడ్డ మీద ఒకేలాంటి రోత కలిగేది.

ఢిల్లీ ఎండాకాలం ఎలాంటిదో తెలిసినవాళ్ళకి మిగతాది చెప్పక్కర్లేదు. లూ అనే వడగాలి వీస్తుంటే జనం తడి తువ్వాళ్ళు నెత్తిన కప్పుకుని తిరిగేవారు. నేను ఆ రెండు పొరల బిగింపు, దాని మీద మామూలు బనీను, దాని మీద స్కూలు చొక్కా వేసుకుని బస్సులో నిలబడేవాణ్ణి. మధ్యాహ్నానికి లోపల గుడ్డ పిండితే నీళ్ళు కారేటట్టు అయ్యేది. చెమటకాయలు పేలి పొక్కులయ్యాయి, పొక్కులు గోకితే పుళ్ళయ్యాయి, ఆ మీదట తామర పట్టుకుంది. పులిసిన పిండి వాసన నా ఒంట్లోంచే వస్తుంటే నాకే ముక్కు మూసుకోవాలనిపించేది. స్నానాల గదిలో దీపం వెయ్యకుండా స్నానం చేసేవాణ్ణి. అద్దంలో గడ్డం కిందకి చూసేవాణ్ణి కాదు. పుస్తకాలు ఛాతీకి అదుముకుని, ముందుకి వంగి నడిచీ నడిచీ కాలేజీకి వచ్చేసరికి నాకు చిన్న గూని కూడా వచ్చింది. ఆ గూని గురించి కూడా మనవాళ్ళు విచారించారు. నిటారుగా నిలబడమని సలహాలిచ్చారు.

మా ఇళ్ళల్లో మగపిల్లాడికి ఒడుగు చెయ్యాలి. జంధ్యం వేసి, తండ్రి కొడుకు చెవిలో గాయత్రి చెప్పే తంతు. పిల్లాడు పంచె కట్టుకుని, పైన ఏ ఆచ్ఛాదనా లేకుండా పూటంతా నలుగురి ముందూ పీట మీద కూర్చోవాలి. ఢిల్లీలో తెలుగువాళ్ళు వేసవి సెలవుల్లో ఒక హాలు తీసుకుని, కొందరు పిల్లలకి కలిపి ఒకేసారి చేసేసేవారు. నా ఈడు వాళ్ళందరికీ అయిపోయింది. నాకు మాత్రం ప్రతి ఏడూ ఏదో ఒక అడ్డు. ఒక ఏడు మూఢం. ఇంకో ఏడు నాన్నగారికి సెలవు దొరకలేదు. మరో ఏడు ఊళ్ళో ఎవరో పోయి మైల. అమ్మ అడుగుతూనే ఉండేది, ఆయన వాయిదా వేస్తూనే ఉండేవారు. నాకు లోలోపల సంతోషంగా ఉండేది. ఆ పీట మీద కూర్చోవడం తలుచుకుంటేనే నాకు చలిజ్వరం వచ్చినట్టుండేది. నాకోసమే ఆయన ఆపుతున్నారని, నవ్వినా మనసులో నా మీద దయ ఉందని నమ్మాను.

ఆ నమ్మకం ఒక సెలవురోజు మధ్యాహ్నం పోయింది. నేను వెనక వరండాలో చదువుకుంటున్నాను. లోపల అమ్మ మళ్ళీ ఒడుగు మాట ఎత్తింది. అబ్బాయికి పదహారు దాటాయి, నలుగురూ అడుగుతున్నారు అంది. నాన్నగారి గొంతు ఎప్పుడూ అంత కరుకుగా వినలేదు.

"ఆ ఒళ్ళు పెట్టుకుని పీట మీద కూర్చోవడమా? వందమంది ముందు? తల కొట్టేసినట్టుంటుందే. పెళ్ళికి ముందురోజు చూద్దాంలే. ఇంకోసారి ఈ మాట ఎత్తకు."

అమ్మ ఎత్తలేదు. నేను పుస్తకం మూసి, ఆ ఒళ్ళు పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. అప్పటినుంచీ ఆయన పక్కన కూర్చుని అన్నం తినడం నాకు కష్టమయ్యేది. ఆయన మజ్జిగ పోసుకుని జుర్రుకునే చప్పుడు కూడా నాకు అసహ్యంగా ఉండేది. నా ఒళ్ళంటే పరాయివాళ్ళకి వేళాకోళం, అమ్మకి దాచవలసిన సామాను, నాన్నగారికి పరువు తక్కువ. నాకు ఏమిటో నేను ఆలోచించుకోలేదు. వాళ్ళు చూసినట్టే చూశాను.

కాలేజీ అయ్యాక ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాను. చేరే ముందు వైద్య పరీక్ష. దాంట్లో ఛాతీ కొలుస్తారని తెలిసి వారం రోజులు తిండి సయించలేదు. ఉద్యోగం వదిలేద్దామా అని కూడా ఆలోచించాను. చివరికి అమ్మ పెట్టిన హుక్కులతోనే ఆసుపత్రికి వెళ్ళి, అక్కడి పాయిఖానాలో చేతులు వెనక్కి మెలితిప్పి వాటిని విప్పుకుని, ఆ గుడ్డని ఉండ చుట్టి సంచిలో కుక్కుకున్నాను.

పెద్ద హాలు. డ్రాయర్ల మీద నిలబడ్డ మగవాళ్ళ వరస. అంతమంది ఒళ్ళు ఒకేచోట అంతవరకు నేను చూడలేదు. మనిషి ఒళ్ళు ఇంత వికారంగా ఉంటుందా అనిపించింది. ఒకడి వీపంతా మొటిమలు. ఒకడి పొట్ట మెత్తటి మూటలా ముందుకి జారింది. ఒకడికి మెడ నుంచి నడుం దాకా కాలిన మచ్చ. ఒకడి ఎముకలు ఎక్కడికక్కడ లెక్కపెట్టుకోవచ్చు. పాచి నోళ్ళు, చంకలు, ఫినాయిలు, అన్నీ కలిసిన కంపు. అందరం ఒకళ్ళనొకళ్ళం చూడనట్టు నటిస్తున్నాం. నేను చేతులు కట్టుకుని ఛాతీ కప్పుకున్నాను. నా వంతు వచ్చింది. టేపు పట్టుకున్న మనిషి బీడీ వాసన కొడుతూ నా చేతులు లాగి పక్కకి పెట్టి, టేపు చుట్టి, ఊపిరి పీల్చు, వదులు అని, రాసుకునేవాడికి ఒక అంకె అరిచి చెప్పి, నెక్స్ట్ అన్నాడు. నా మొహం గానీ ఛాతీ గానీ చూడలేదు. బట్టల కొట్లో గజం కొలిచినట్టు కొలిచాడు.

నా వెనక బీహారు కుర్రాడొకడు ఉన్నాడు, ఎముకలు కనిపించేవాడే. వాడికి కావలసిన అంగుళాలు రాలేదు. ఎంత ఊపిరి పీల్చినా రాలేదు. పక్కకి నిలబడమన్నారు. నేను చొక్కా తొడుక్కుంటుంటే వాడు నా ఛాతీ వైపే చూస్తూ, ఏడుపు గొంతుతో, "తుమ్హారా తో బహుత్ అచ్ఛా హై, భయ్యా" అన్నాడు. వేళాకోళం కాదు, నీదెంత బాగుందో అని నిజంగా ఈర్ష్యపడ్డాడు. నాకు నవ్వు ఆగలేదు. వాడి ఉద్యోగం పోతుంటే నేను నవ్వడం బాగోలేదు గానీ, నా ఛాతీ విషయంలో నేనే నవ్వడం అదే మొదలు. ఇంటికి రాగానే సంచిలోని గుడ్డ తీసి అమ్మ ముందు పడేసి, ఇంక కుట్టొద్దన్నాను. ఆవిడ దాన్ని కాసేపు చూసి, ఉడుకునీళ్ళలో పడేసింది. మర్నాటినుంచి అది వంటింట్లో గిన్నెలు దించే మసిగుడ్డ అయింది.

ఒక్కరోజులో మనిషి మారడు. ఆఫీసు దూరమని సాకు చెప్పి యమున అవతల లక్ష్మీ నగర్‌లో గది తీసుకున్నాను. నిజానికి నాన్నగారి మొహం రోజూ చూడలేక. గదిలో నాతో పాటు ఇద్దరు తెలుగువాళ్ళు, సివిల్స్ చదువుకునేవాళ్ళు. ఒకడిది కర్నూలు, ఒకడిది వరంగల్లు. వేసవిలో కరెంటు పోతే ఆ మూడో అంతస్తు గది కుండ కాల్చే ఆవం. వాళ్ళిద్దరూ లుంగీల మీద కూర్చుని చదువుకునేవారు. నేను ఒక్కణ్ణే చొక్కాతో ఉడికిపోతుండేవాణ్ణి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంక తట్టుకోలేక విప్పేశాను.  కర్నూలు వాడు పుస్తకంలోంచి తలెత్తి చూశాడు.

"అదేందబ్బా, అట్లుంది?"

చిన్నప్పటినుంచీ అంతే అన్నాను. అచ్ఛా అన్నాడు. నొప్పి ఉంటుందా అని అడిగాడు, లేదన్నాను. అయితే ఈ పూట నీళ్ళు తెచ్చే వంతు నీదే, మర్చిపోయినట్టు నటించకు అని మళ్ళీ పుస్తకంలో తల పెట్టాడు. వరంగల్లు వాడు అసలు తలే ఎత్తలేదు. నేను చొక్కా లేకుండానే కిందకి దిగి, చేతిపంపు దగ్గర వరసలో నిలబడి, బకెట్టు నింపుకుని పైకి తెచ్చాను. వీధిలో ఒకరిద్దరు చూశారు. చూడనీ అనుకున్నాను. ఇన్నేళ్ళూ నన్నే చూడటానికి ఎవరో కాపలా కాస్తున్నట్టు బతికాను. ఎవరికీ అంత తీరిక లేదు. ఆ సంగతి తెలిశాక సంతోషించాలి గానీ, నాకు ముందు ఒళ్ళు మండింది. పుళ్ళు పడేదాకా బిగించుకున్న ఎండాకాలాలన్నీ దండగ.

నెమ్మదిగా వెన్ను నిటారైంది. దీపం వేసుకుని స్నానం చెయ్యడం మొదలుపెట్టాను. అద్దంలో చూసుకున్నాను. అందంగా ఉందని చెప్పను, అబద్ధం. నా ఛాతీ నాకు ఇప్పటికీ అందంగా కనిపించదు. కానీ పొద్దున్నే లేచి దాన్ని శిక్షించాలన్న ఆలోచన పోయింది. ఉందంటే ఉంది.

ఎనభైల నడుమ నాకు పెళ్ళి కుదిరింది. అమ్మాయి ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. నిశ్చయమయ్యాక పెద్దవాళ్ళ అనుమతితో అశోకా రోడ్డులో ఒక చోట ఇద్దరం భోజనానికి కలిశాం. ఈ సంగతి ముందే చెప్పడం న్యాయమనిపించి, తడుముకుంటూ చెప్పాను. ఆమె అన్నంలో సాంబారు కలుపుకుంటూ విని, "తో?" అంది. అయితే ఏమిటి, ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు చూసింది. లేదన్నాను. అప్పడం ఇంకోటి అడగమంది. పెళ్ళి భయం అక్కడితో తీరిపోయింది.

మిగిలింది ఒడుగు. పెళ్ళికి ముందురోజున పెట్టారు. ఆ కార్యక్రమం గురించి మాట్లాడుతూ నాన్నగారు ఒక మాట చెప్పారు. పీటల మీద తాను కూర్చోరట. ఊరినుంచి పెదనాన్న వస్తారు, ఇంటికి పెద్దవాడు, ఆయన చేతి మీదుగా జరిగితే బాగుంటుంది, గాయత్రి ఆయనే చెబుతారు అన్నారు. తండ్రి బతికుండగా ఇదేం విడ్డూరమని పురోహితుడు గొణిగాడు.  ఇన్నేళ్ళయినా ఈయనకి నా పక్కన కూర్చోవడానికి సిగ్గుగా ఉందన్నమాట. కన్నకొడుకు చెవిలో నాలుగు మాటలు చెప్పడానికి కూడా కిరాయి మనిషిని పిలిపించుకుంటున్నారు. ఆ రోజు నాకు ఆయన మీద కలిగిన అసహ్యం లాంటిది నశ్యం అంకుల్ మీద కూడా ఎప్పుడూ కలగలేదు.

ఒడుగు రోజు పొద్దున్న టెలిగ్రాం వచ్చింది. పెదనాన్నకి జ్వరం, బయలుదేరలేదు. నాన్నగారు ఆ కాగితం పట్టుకుని హాలు గుమ్మం దగ్గర నిలబడిపోయారు. అన్నగారికి జ్వరమంటే అంత కంగారేమిటో నాకు అర్థం కాలేదు.

నాకు క్షౌరం, స్నానం అయ్యాయి. పసుపు బట్ట కట్టుకుని, పైన ఏమీ లేకుండా హాల్లోకి వచ్చాను. మే నెల, నిండా జనం. నడుస్తుంటే గుసగుసలు వినిపించాయి. నేను తల దించలేదు. నశ్యం అంకుల్ ముందు వరసలోనే ఉన్నాడు, జుట్టు నెరిసింది, వేళ్ళు మారలేదు. నన్ను చూడగానే ఆ మొహం వెలిగిపోయింది. లేచి వచ్చి, చుట్టూ ఒకసారి చూసి, చెయ్యి చాపాడు. ఆ మణికట్టు గాల్లోనే పట్టుకున్నాను. గొంతు పెంచకుండా చెప్పాను.

"అంకుల్, ఈ చెయ్యి ఇంకోసారి లేచిందా, రేపు పెళ్ళి భోజనం మీరు ఎడమ చేత్తో తినాలి."

సరదాకి కదయ్యా అన్నాడు. సరదా అయిపోయిందన్నాను. చెయ్యి వదిలితే వెళ్ళి కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను వెళ్ళి పీట మీద కూర్చున్నాను. ఫ్యాను గాలి ఒంటికి తగులుతుంటే, ఇన్నేళ్ళు భయపడింది దీనికా అనిపించింది.

పురోహితుడు నాన్నగారిని పిలిచాడు. అన్నగారు రాలేదు కదా, మీరే వచ్చి కూర్చోండి, ముహూర్తం దగ్గర పడుతోంది, ఆ లాల్చీ, బనీను తీసేసి ఉత్తరీయం వేసుకోండి అన్నాడు. నాన్నగారు దగ్గారు. ఒంట్లో నలతగా ఉంది, బనీను ఉండనివ్వమన్నారు. ఇంత ఎండల్లో నలతేమిటండీ, కుట్టు బట్ట పనికిరాదు, త్వరగా కానివ్వండి అన్నాడు పురోహితుడు. నాన్నగారు అమ్మ వైపు చూశారు. అమ్మ నేల చూపులు చూస్తోంది. హాలంతా ఎదురుచూస్తోంది. ఆయన లాల్చీ తీశారు. బనీను అంచు పట్టుకుని కాసేపు ఆగి, కళ్ళు మూసుకుని, తల మీంచి లాగేశారు.

నాకున్నదే ఆయనకీ ఉంది. అంతే ఉంది, కాకపోతే వయసుతో జారిపోయింది. కింద మడతల్లో చెమట పుళ్ళు మాని నల్లబడ్డ మచ్చలు. ఆయన ఇంట్లోనే పుట్టి పెరిగి, ఇరవయ్యారేళ్ళు వచ్చాక నేను మా నాన్న ఛాతీ అదే మొదటిసారి చూడటం. స్నానాల గదిలోంచి బనీను తొడుక్కునే బయటికి వచ్చేవారు. వేసవిలో కాలనీ మగవాళ్ళందరూ మేడ మీద ఒట్టి ఒంటితో పడుకుంటే ఈయన మాత్రం బనీను విప్పేవారు కారు. పెద్దమనిషి తరహా అనుకున్నాను. మూఢాలు, మైలలు, దొరకని సెలవులు, పెదనాన్న ముచ్చట, అన్నిటికీ అర్థం ఇప్పుడు ఎదురుగా నిలబడి వణుకుతోంది. నా ఒళ్ళు చూసి కాదు ఆయన సిగ్గుపడింది. కొడుకు ఒడుగులో తండ్రి కూడా చొక్కా విప్పాలి.

జాలి కలగాలి కదా. కలగలేదు. ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఆ గిల్లుడు ఎలా ఉంటుందో నాకన్నా ముందు తెలిసిన మనిషి. ఆ చెమట, ఆ పుళ్ళు, ఆ చీకటి స్నానాలు అన్నీ తెలిసిన మనిషి. నా మీద జోకు పేలినప్పుడల్లా తన మీదకి రాకుండా అందరికన్నా ముందు నవ్విన మనిషి. ఛీ అనిపించింది. ఆయన వచ్చి పక్క పీట మీద, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, ఉత్తరీయాన్ని గుప్పిటతో మెడ దగ్గర బిగించి పట్టుకుని కూర్చున్నారు.

మంత్రోపదేశం వేళ అయింది. తల్లి, తండ్రి, కొడుకు, ముగ్గురి మీదా ఒక పట్టుబట్ట కప్పుతారు. ఆ ముసుగులో తండ్రి కొడుకు చెవిలో గాయత్రి చెప్పాలి. బట్ట కప్పగానే లోపల ఎర్రటి చీకటి, ఉక్క, ముగ్గురి ఊపిరి. నాన్నగారి చెమట వాసన నాకు తెలిసిన వాసనే. బయటినుంచి పురోహితుడు చెప్పండి చెప్పండి అంటున్నాడు. ఆయన ఇంకా మొదలుపెట్టలేదు. నా చెవి ఆయన నోటి దగ్గరే ఉంది. ఇంక ఆగలేకపోయాను.

"నాకూ అంతేరా అని ఒక్కసారి చెప్తే ఏం పోయేదండీ, నాన్నగారూ?"

అమ్మ గాజులు చప్పుడయ్యాయి. ఇప్పుడా ఈ మాటలు అంది మెల్లగా.  నాన్నగారు నా చెవిలో, మంత్రం చెప్పవలసిన గొంతుతోనే అన్నారు.

"నాకెవరు చెప్పార్రా?"

ఆ మాటతో నా కోపం పోయిందనుకుంటే పొరపాటు. పోలేదు. పైగా ఇంకా వెనక్కి, నేను ఎరగని తాతగారి దాకా పాకింది. అయినా తల ఇంకాస్త ఆయన వైపు వంచాను. ఆయన గాయత్రి చెప్పారు. మాట మాటకీ ఆగుతూ, తప్పు పోకుండా చెప్పారు. నేను తిరిగి చెప్పాను.

బట్ట తీశారు. వెలుతురు కళ్ళలో పడింది. ఎదురుగా అదే జనం, అదే ముందు వరస. నాన్నగారి గుప్పిట ఎప్పుడు వదులైందో, ఉత్తరీయం భుజం మీంచి జారి ఒళ్ళో పడింది. అమ్మ దాన్ని తీసి మళ్ళీ కప్పబోయింది. ఆయన వద్దన్నట్టు ఆవిడ చెయ్యి పక్కకి జరిపి, పురోహితుణ్ణి తరవాత ఏం చెయ్యాలని అడిగారు.